నత్తకొంగల వియ్యంకుడు

పోయిన ఆదివారం విజయనగరం నుంచి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. ఫలానా ఆయన కాలం చేశారనీ, టౌన్‌హాల్లో సంతాపసభ పెడుతున్నామనీ, ఆయనతో కలిసి తిరిగినవాళ్ళలో దొరికింది మీరొక్కరే కాబట్టి తప్పకుండా వచ్చి నాలుగు మాటలు చెప్పాలనీ అడిగాడు. "పక్షులంటే ప్రాణం పెట్టేవారండీ ఆ మహానుభావుడు" అని కూడా అన్నాడు. అప్పుడు నేను మజ్జిగ తాగుతున్నాను. గ్లాసు బల్లమీద పెట్టేశాను.

"నాలుగు మాటలు నా దగ్గరున్నాయి గాని, అవి దండేసిన ఫొటో ముందు చెప్పేవి కావండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు ఒంట్లో బాగులేదనుకున్నాడు కాబోలు, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి, తెచ్చిన అరటిపళ్ళు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పేవాళ్ళని చెప్పుకోనివ్వండి. నాకు మాత్రం ఆ మనిషి గుర్తొస్తే ఇన్నేళ్ళయినా రోత పుడుతుంది. ఎందుకు పుడుతుందో రాస్తాను.

మేమంతా అతన్ని బావ అనేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. అలా పిలిపించుకున్నాడు, అంతే. నాకు బావ, విజయనగరం కోట దగ్గర మిఠాయి కొట్టాయనకి మేనల్లుడు, పాలమ్మే ఆవిడకి కొడుకు. రైల్లో ఎదురుబల్ల మీద ఎవరు కూర్చుంటే వాళ్ళకి తోడల్లుడు. "మీది ఏ ఊరండీ?" అని మొదలెట్టేవాడు. ఏ ఊరు చెప్పినా సరే, "అలాగా, మా పెద్దమ్మగారి ఆడపడుచుని అక్కడే ఇచ్చారు" అనేవాడు. రెండు స్టేషన్లు దాటేసరికి ఆ ఎదుటి మనిషి టిఫిను కేరేజీ ఇతని ఒళ్ళో ఉండేది. తినడం అయిపోయాక గిన్నె అంచు చుట్టూ వేలు తిప్పి, ఆ వేలు నాక్కుని, మూత పెట్టి ఇచ్చేసేవాడు. అవతలివాడు సిగ్గుతో నవ్వేవాడు గాని, ఇతనికి సిగ్గనేది ఎన్నడూ లేదు.

మా అమ్మని అక్కా అనేవాడు. ఆ పిలుపు పట్టుకుని వీధి గుమ్మం, హాలు, వసారా అన్నీ దాటుకుంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చేసేవాడు. పొయ్యిమీద పులుసు ఉంటే చూపుడువేలు ముంచి, చప్పరించి, మళ్ళీ అదే వేలు ముంచేవాడు. "ఉప్పు ఒక్క రవ్వ తక్కువైంది అక్కా" అని చెప్పేవాడు. అతను వెళ్ళాక మా అమ్మ ఆ పులుసంతా పెరట్లో పారబోసి, గిన్నె చింతపండు పెట్టి తోమి, నా మీద విరుచుకుపడేది. "ఒరే, ఆ మనిసిని మళ్ళీ వంటింట్లోకి రానిచ్చినావంటే, నీకు కూడా వీధరుగు మీదే విస్తరేసి పెడతాను" అనేది. నేను ఏం చెయ్యను? రావద్దని మొహమ్మీద చెప్పినా, "అక్కకి నామీద కోపం వచ్చిందా పాపం" అంటూ మర్నాడు పొద్దున్నే తయారయ్యేవాడు.

జేబులో ఎప్పుడూ ఒక ఈక ఉండేది. ఒకసారి పాలపిట్టది, ఒకసారి కాకిది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ ఈకని చెవిలో పెట్టుకుని, కళ్ళు అరమోడ్చి, నెమ్మదిగా తిప్పేవాడు. బయటికి తీసి దాని కొస చూసుకునేవాడు. తరవాత వాసన చూసేవాడు. ఆ తరవాత అదే ఈకని మనకి చూపించి, "దీని అంచుమీద ఆ నీలం చూశావా, ఏ నేతగాడైనా నేయగలడా?" అని అడిగేవాడు. నేయలేడు, నిజమే. కాని ఆ నీలం చూడాలంటే ఆ కొస కూడా చూడాలి కదా.

పక్షుల సంగతి అతనికి బాగా తెలుసు. అది నేను కాదనను. యుద్ధం అయ్యాక ఇంటిదారి పట్టిన ఒక మిలటరీ దొర దగ్గర బైనాక్యులర్స్ కొన్నాడు. దాన్ని మెళ్ళో వేసుకుని మా ఇద్దర్నీ, అంటే నన్నూ నా క్లాసుమేటు సూరినీ, సెలవు దొరికితే చెరువుల వెంట తిప్పేవాడు. సూరిది శృంగవరపుకోట దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. మనిషి అమాయకుడు. బావ కూత పెడితే అవతలి గట్టునుంచి నీటికోడి బదులు పలికేది. అది విని సూరి నోరు తెరుచుకుని ఉండిపోయేవాడు. బైనాక్యులర్స్ మాత్రం మాకు ఒక్క క్షణమే ఇచ్చేవాడు. తీసుకుని కళ్ళకి పెట్టుకుంటే కనురెప్పలకి పకోడీల నూనె అంటుకునేది. పిట్టని చూస్తున్నంతసేపూ అతను నాలికతో పెదవులు తడుపుకుంటూ ఉండేవాడు. "పిట్టని ప్రేమించాలంటే దాని దగ్గరికెళ్ళాల్రా. దూరంనుంచి చూసేది ప్రేమ కాదు, వేడుక" అనేవాడు. ఆ మాట నాకు అప్పట్లో గొప్పగా అనిపించింది.

టెక్కలి అవతల, సముద్రానికి దగ్గర్లో, ఒక ఊరి నిండా కొంగలు గూళ్ళు కడతాయని సూరి ఎవరి దగ్గరో విని వచ్చాడు. వానాకాలం వెళ్ళిపోతున్న రోజులు. ముగ్గురం రైలెక్కి నౌపడాలో దిగి, ఒంటెద్దు బండి ఒకటి మాట్లాడుకుని బయల్దేరాం. అన్నం అక్కడే చెరువుగట్టు మీద వండుకుందామని బియ్యం, ఉప్పూకారం, నూనె, ఒక దాక వెంట తెచ్చుకున్నాం. భావనపాడు వైపునుంచి ఉప్పుగాలి కొడుతోంది. నేనూ సూరీ బండి వెనక కాళ్ళు వేలాడేసుకుని పాటలు పాడుకున్నాం. ఆ రోజు అంత బాగా మొదలైంది.

ఊళ్ళోకి వెళ్ళగానే ముందు వాసన తగిలింది. ప్రతి ఇంటి పెరట్లోనూ ఒక చింతచెట్టు, చెట్టునిండా నత్తకొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగలు అవి. నత్తలు తిని బతుకుతాయి. వాటి రెట్టతో ఇళ్ళ కప్పులూ నేలా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఆడవాళ్ళు ఆ వాకిళ్ళే ఊడ్చుకుంటూ, ఆ చెట్ల కిందే బియ్యం చేటలు పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. మేం దిగిన ఇంటి ముందు పైడమ్మ అనే పెద్దావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి మా కాళ్ళ ముందు పెట్టింది.

"కాళ్ళు కడుక్కోండి బాబూ. ఒసే, వియ్యాలోరు వొచ్చినారు, మంచం వాల్చండే" అని లోపలికి కేకేసింది.

మేం మొహాలు చూసుకున్నాం. ఏ వియ్యాలవారమ్మా అని సూరి అడిగాడు.

"మీరే బాబూ. ఈ పిట్టలు మా ఊరి ఆడపిల్లలు. ఏటా పురిటికి పుట్టింటికి వొస్తాయి. పిల్లలకి రెక్కలొచ్చినాక ఎల్లిపోతాయి. మరి ఓటిని సూడ్డానికి పై ఊరినుంచి వొచ్చినోళ్ళు మాకు వియ్యాలోరు కారేటి?"

అది ఆ ఊరి ఆచారమట. కొంగలు ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో డప్పు కొట్టరు, టపాకాయ కాల్చరు. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ మగపెళ్ళివారి మర్యాద చేస్తారు. బెల్లం పానకం ఇస్తారు, పందిట్లో ఆడినట్టు పరాచికాలు కూడా ఆడతారు. మేం మంచంమీద కూర్చున్నామో లేదో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"వియ్యాలోరు సారె ఏటీ తేనేదు. మెడలో ఆ గొట్టం ఒకటి ఏసుకొని ఊపుకుంటా వొచ్చినారు" అంది ఒకావిడ.

"ఆ బొజ్జాయన మన పిల్లకి మావ కాబోలు. ఈయన తినగా మిగిలితే గదా మన పిల్లకి ముద్ద" అంది ఇంకొకావిడ. అందరూ పడి పడి నవ్వారు.

చుట్టరికాలు వెతుక్కుంటూ తిరిగే మనిషికి అడక్కుండానే ఊరంతా చుట్టమై కూర్చుంది. బావ మొహం వెలిగిపోయింది. "సారె తరవాత పంపుతాం వదినా. ముందు మనవరాల్ని చూపించు" అన్నాడు పైడమ్మతో. వాళ్ళ యాసలోకి కూడా అప్పుడే దిగిపోయాడు.

పైడమ్మ లోపలికి వెళ్ళి ఒక గంప తెచ్చింది. గంపలో గడ్డిమీద ఒక కొంగపిల్ల. బూడిదరంగు నూగు, బోడి నుదురు, పెద్ద నోరు. ఒక రెక్క కిందికి వాలిపోయి ఉంది. ఆవిడ దాని పక్కన కూర్చుని, నత్తని రాయితో కొట్టి లోపలి మెత్తటిది వేలితో తీసి నోట్లో పెట్టింది. పిల్ల గుటుక్కున మింగి మళ్ళీ నోరు తెరిచింది.

"మొన్న గాలివానకి మా సెట్టు మీది గూళ్ళన్నీ పడిపోనాయి బాబూ. ఇదొక్కటే మిగిలినాది. ఎగరనేకపోతన్నాది. పిల్ల ఎగిరిన సెట్టుకే తల్లి మళ్ళీ వొస్తాది. పిల్ల సచ్చిపోతే ఆ సెట్టుకేసి సూడదు. ఆడపిల్ల రాని ఇల్లయిపోతాది మాది" అంది. దానికి ఇంకో నత్త పెడుతూ, "నాకు కడుపున ఆడపిల్లల్నేరు. ఇయ్యే నాకు" అంది.

ఆవిడ చెట్టు వైపు నేనూ చూశాను. మిగతా పెరళ్ళన్నీ కలకల్లాడుతుంటే ఆ చెట్టు మీద ఒకే ఒక్క కొంగ, గూడు కూడా లేని కొమ్మమీద నిలబడి ఉంది. తల్లి అదేనట.

బావ రెండు చేతులూ చాచాడు. మనవరాలిని వియ్యంకుడి ఒళ్ళో పెట్టాలి కాబట్టి ఆవిడ పెట్టింది. అతను రెక్క విప్పి చూశాడు. కాలు చూశాడు. బొటనవేలితో రొమ్ముమీద అటూ ఇటూ నొక్కి చూశాడు. డాక్టరు చూసినట్టే చూస్తున్నాడని నాకు అనిపించింది.

"రెక్క ఎముక జారింది వదినా. ఇక్కడుంటే బాగవదు. విజయనగరంలో పశువుల డాక్టరు నాకు తమ్ముడౌతాడు. కట్టు కట్టించి, నయమవగానే నేనే తెచ్చి నీ ఒళ్ళో పెడతాను. మన పిల్ల కాదేటి?" అన్నాడు.

ఆవిడ చప్పున ఒప్పుకోలేదు. చెట్టుకేసి చూసింది, చుట్టూ ఉన్నవాళ్ళకేసి చూసింది. "వియ్యాలోరు అడిగితే కాదనకూడదే. మంచికే అడుగుతన్నాడు" అంది పక్కింటావిడ. పైడమ్మ లేచి వెళ్ళి కాటుక తెచ్చి పిల్ల బోడి నుదుటి మీద దిష్టిచుక్క పెట్టింది. గంపలో కొత్తగడ్డి వేసి, పిల్లని పడుకోబెట్టి, పాతచీర ముక్క కప్పి బండిలో పెట్టింది. "కొత్త మనుసుల్లోకి మొదటిసారి ఎల్తన్నాది, బెదిరిపోతాదేమో సూసుకో బాబూ" అంది. సూరి కళ్ళు తడిశాయి. నాకు కూడా ఆ ఒక్క పూట బావ మీద గౌరవం కలిగింది. ఆ గౌరవం తలుచుకుంటేనే ఇప్పుడు నాకు మరీ రోత.

చెరువు ఊరికి కొంచెం ఎడంగా ఉంది. గట్టుమీద బండి ఆపి, బండివాడు ఎద్దుని మేతకి తోలుకుపోయాడు. బావ మెళ్ళోంచి బైనాక్యులర్స్ తీసి సూరి మెళ్ళో వేశాడు. "మీరిద్దరూ చెరువు చుట్టూ తిరిగి రండి. పిల్లని ఎండలో తిప్పకూడదు. నేను ఇక్కడే నీడలో ఉండి వంట కూడా చూస్తాను" అన్నాడు. ఎన్నడూ లేనిది బైనాక్యులర్స్ మా చేతికొచ్చిందని మేం పరిగెత్తాం.

ఆ చెరువు చుట్టూ తిరిగినంతసేపూ మా అంత సుఖపడ్డవాళ్ళు లేరు. తామరాకుల మీద పొడుగాటి కాలివేళ్ళతో ఒక పిట్ట నడిచిపోతోంది. దాని వెనక పత్తికాయంత పిల్లలు ఆకునుంచి ఆకుకి గెంతుతున్నాయి. లకుముకి పిట్ట నీళ్ళమీద గాల్లోనే ఆగి, రెక్కలు కొట్టుకుని, నిట్టనిలువునా పడి చేపతో లేచింది. సూరి నా భుజం పట్టుకుని కుదిపేస్తూ, "సూడ్రా, సూడ్రా" అని అదేమాట అంటూ ఉన్నాడు. చొక్కాతో అద్దాలు తుడిచి తుడిచి చూశాం. ఆకలి గుర్తొచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

తిరిగొచ్చేసరికి బావ ఆకులు వేసి కూర్చున్నాడు. దాకలో కూర ఉడికి నూనె తేలుతోంది. కోడి ఎక్కడిదని అడిగాను. "మనకి ఊళ్ళో చుట్టాలు లేరేంట్రా" అన్నాడు. నేను చేతులు కడుక్కోడానికి నీళ్ళలోకి దిగాను. సూరికి ఆకలెక్కువ, అప్పటికే ఒక ముక్క నోట్లో పెట్టేసుకున్నాడు.

"ఇదేటి బావా, కోడి కాదు. సేపకంపు కొడతన్నాది" అన్నాడు.

"కొడుతుందిరా. నత్తలు తిని పెరిగిందాయె. అల్లం దండిగా ఉంటే పోయేది. పిల్లదే కాబట్టి మెత్తగా ఉంటుందనుకున్నాను" అన్నాడు బావ. అని ఒక ఎముక చప్పరించి, మొహం చిట్లించి, వెనక్కి విసిరేశాడు.

బండి పక్కన గంప బోర్లా పడి ఉంది. చీరముక్క అతని ఒళ్ళో, చేతులు తుడుచుకోడానికి. తుప్పల వెనక బూడిదరంగు నూగు గాలికి ఎగురుతోంది. సూరి గట్టు దిగి నీళ్ళ అంచున చతికిలబడి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ లేకపోయినా వాంతి ఆగలేదు. నేను ఏమన్నానో అన్నీ రాయలేను. నోటికొచ్చినవన్నీ అన్నాను. అతను మాత్రం శాంతంగా, "రెక్క విరిగిన పిట్ట ఎలాగూ బతకదురా. ఊరికే కుళ్ళిపోయేది. నువ్వు పుస్తకాలు చదువుతావు గాని ప్రకృతి తెలీదు నీకు" అన్నాడు. అని ఇంకో ముక్క తీసుకున్నాడు. రుచి బాగులేదంటూనే తింటున్నాడు.

అప్పుడు పొలంగట్టు మీదుగా పైడమ్మ వచ్చింది. చేతిలో తామరాకు పొట్లం.

"దారిలో ఆకలేస్తాదని నత్తలు తెచ్చినాను బాబూ. పడుకున్నాదా పిల్ల?" అంది.

బావ గబుక్కున లేచాడు. మూతి తుడుచుకుని, ఎంగిలి చేత్తోనే ఆ పొట్లం అందుకున్నాడు. "పడుకుంది వదినా. లేపకు" అన్నాడు.

నీళ్ళ దగ్గర్నుంచి సూరి అరిచినట్టే చెప్పాడు. "పడుకోనేదు అత్తా. తినీసినాడు. నాను కూడా ఒక ముక్క తిన్నాను."

పైడమ్మ ఒక్క క్షణం అలా చూసి, పకపకా నవ్వింది. అవును, నవ్వింది. వియ్యాలవారు పరాచికం ఆడారనుకుంది. పందిట్లో అలాంటి మాటలే కదా అనుకుంటారు. "అబ్బో, మగపెళ్ళోరి కడుపులు సెరువులే. మా పిల్లని మింగీసి మల్లీ సారె కూడా మా సేతే పెట్టించుకుంటారు" అంది. బావ కూడా ఆవిడతో కలిసి నవ్వాడు. బొజ్జ ఊగేలా నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక అంత జుగుప్సాకరమైన నవ్వు నేను వినలేదు.

"పరాచికం కాదమ్మా. నిజం" అన్నాను నేను.

ఆవిడ నా మొహం చూసింది. మోకాళ్ళమీద ఏడుస్తున్న సూరిని చూసింది. బోర్లా పడ్డ గంపని చూసింది. ఆ తరవాత తుప్పల దాకా నడిచి వెళ్ళి వంగి చూసింది. అక్కడ పిల్ల తల పడి ఉంది, నుదుటి మీద కాటుకతో.

అరుస్తుందనుకున్నాను. ఊరిని పిలుస్తుందనుకున్నాను, పిలవాలనే కోరుకున్నాను. ఆవిడ అవేవీ చెయ్యలేదు. కొంగు నడుముకి చుట్టుకుని, కట్టుబట్టల్తో చెరువులోకి దిగి, తల మూడుసార్లు ముంచింది. ఇంట్లో మనిషి పోతే చేసే స్నానం అది. నేనూ సూరీ ఆవిడ వెనకే దిగి తలలు ముంచాం. ఆవిడ ఒడ్డెక్కి, నీళ్ళోడుతున్న చీరతో బావ ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వూ తానం సెయ్యాల బాబూ. మనవరాలు పోతే తాతకీ మైలే" అంది. ఆ గొంతులో తిట్టు లేదు. చుట్టానికి చెప్పినట్టే చెప్పింది.

"నాకు రొంప పట్టింది వదినా. చన్నీళ్ళు పడవు" అన్నాడు.

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. ఆ చూపుకి తట్టుకోలేకనో, నిజంగానే పోసుకుందామనుకున్నాడో, "వేణ్ణీళ్ళయితే పోసుకుంటాను" అన్నాడు.

వియ్యాలవారు అడిగారు కదా. పైడమ్మ ఊళ్ళోకి నడిచింది. నేను వెంటపడి, వద్దమ్మా అని బతిమాలాను. వినలేదు. మళ్ళీ వచ్చినప్పుడు నెత్తిమీద ఆవిర్లు కక్కుతున్న కొత్తకుండ ఉంది, ఒంటిమీద అదే తడిచీర ఉంది. కుండ దించి అతని ముందు పెట్టింది.

బావ కుండలో చేతులు ముంచాడు. వేళ్ళమధ్య అంటిన నూనె రుద్ది రుద్ది కడుక్కున్నాడు. దోసిట్లోకి తీసుకుని పుక్కిలించి చెరువులోకి ఉమ్మాడు. "హమ్మయ్య, చన్నీళ్ళకి ఈ జిడ్డు వదలదు" అన్నాడు. అతని స్నానం అంతే.

పైడమ్మ మిగిలిన నీళ్ళు నేలమీద పారబోసింది. కుండని అక్కడే బోర్లించింది. పిల్ల తలని కొంగులో కట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఊరివైపు నడిచిపోయింది.

ఇదంతా గట్టుకింద నిలబడి చూస్తున్న బండివాడు, ఎద్దు పలుపు పట్టుకుని, బండిని ఉన్నచోటే వదిలేసి ఆవిడ వెనకే వెళ్ళిపోయాడు. కూలి అడగలేదు. నేనూ సూరీ తడిబట్టల్తో స్టేషన్ దారి పట్టాం. సూరి బైనాక్యులర్స్ తీసి గట్టుమీద పెట్టేశాడు. కొంతదూరం పోయాక నేను ఒకసారి వెనక్కి చూశాను. బావ ఆ కుండని తిరగేసి, వేలితో మోగించి చూసి, పగుల్లేదని తేల్చుకుని చంకనెట్టుకున్నాడు. ఎద్దు లేని బండెక్కి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"తొందరెందుకురా, ఈ ఊళ్ళో మనవాళ్ళున్నారు. ఎవరో ఒకరు వచ్చి దిగబెడతారు" అని మమ్మల్ని కేకేశాడు.